రంగు కంటే ముందు గోడ సంగతి చూడాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా సింగ్‌నగర్‌ను ముంచి వెళ్లాక, గోడలకు మిగిలిన బురద చారలు కనబడకుండా ఆ సంక్రాంతికే చాలామంది రంగులు వేయించుకున్నారు, మేమూ వేయించాము. ఉగాది నాటికి బీరువా వెనుక గోడ మీద, సరిగ్గా వరద నీరు నిలిచిన ఎత్తులోనే, కాఫీ డికాషన్ ఒలికినట్టు ఒక గోధుమరంగు గీత మళ్లీ తేలింది. రంగు నాసిరకమని పెయింటర్‌తో తగవు పడ్డాము గాని, తప్పు రంగుది కాదు.

ఎమల్షన్ నీళ్లతో కలిపే రంగు కనుక, అందులోని నీరు గోడలోని మరకను కరిగించి, ఆరేటప్పుడు తనతోపాటు పైకి లాగుతుంది. రంగుకు ముందు పూసే ప్రైమర్ కూడా నీళ్లతో కలిపే మామూలు రకమైతే ఇదే బాధ. మరక ఉన్న మేర టర్పెంటైన్‌తో కలిపే ఆయిల్ ప్రైమర్ వేసి, అది బాగా ఆరాక ఎమల్షన్ వేస్తే మరక లోపలే ఆగుతుంది. పూజగది పొగ మరకలకూ, ముందుగా సబ్బు నీళ్లతో జిడ్డు వదిలించాక, ఇదే మందు.

అయితే చెమ్మ గోడకు ఆయిల్ ప్రైమర్ వేస్తే పొక్కులు లేస్తాయి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి, మర్నాడు తీసి చూస్తే, లోపల తడి పట్టిందో లేదో తెలిసిపోతుంది. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నల్ల బూజుకు ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి మూడు వంతుల నీళ్లు చాలు. దానికి బాత్‌రూమ్ యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది, కనుక ఆ పని ఎవరూ చేయవద్దు.

చదరపు అడుగుకు ఇంతని గుత్తకు మాట్లాడుకుని, పండుగలోపు ముగించాలని తొందరపెట్టే మనమే ఈ పనులకు వ్యవధి లేకుండా చేస్తున్నాము. గీకుడు, ప్రైమర్, లప్పం, రంగు దేనికదే విడిగా ఎస్టిమేట్‌లో రాయించుకోవాలని నా సూచన. అనుభవజ్ఞులైన పెయింటర్ల చేత ఈ విషయాలు చెప్పించి, వానాకాలానికి ముందే మీ పత్రికలో ప్రచురించవలసిందిగా మనవి.

మేము ఆ వేసవి రోహిణి కార్తె ఎండలకు గోడలు ఆరనిచ్చి, ఈ పద్ధతిలో మళ్లీ వేయించాము. బీరువా వెనుక గీత ఇంతవరకు రాలేదు. వంటగది మూల మాత్రం మళ్లీ మరకపడింది. అక్కడ పైపు కారుతున్నదని, అది బాగుచేయించే దాకా ఆగమని పెయింటర్ చెప్పినా మేమే వినలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సింగ్‌నగర్, విజయవాడ.