ఫొటోలే కదా అని బీరువా తెరిచాను

సంపాదకులకు,

వరంగల్ ప్రాంతంలోని ఒక కాలేజీ బోటనీ ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎండిన మొక్కల షీట్లు భద్రంగా చూసుకోవడం నా డ్యూటీ. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల నుంచి తెచ్చిన మొక్కలను పాత దినపత్రికల మధ్య నొక్కి ఆరబెట్టేవాళ్లం. ఎక్కడ దొరికింది, కోయవాళ్లు ఏమంటారు, ఏ జబ్బుకు ఎలా నూరి ఇస్తారు అన్నది షీటు కింద నేనే రాసేవాణ్ణి.

ఒకసారి సెమినార్‌కు వచ్చిన విదేశీ పరిశోధకుడు రెండు రోజులు మా గదిలోనే ఉన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఫొటోలే కదా అని బీరువాలన్నీ తెరిచి ఇచ్చాను. కలిసి పేపర్ రాద్దామంటే మా స్కాలర్ అమ్మాయి ఇంకా అచ్చుకాని తన పట్టికలు కూడా మెయిల్ చేసింది. రెండేళ్లకు పేపర్ వచ్చింది. అందులో ఆ అమ్మాయి పేరు లేదు, మందు చెప్పిన కోయ పెద్దాయన పేరూ లేదు. పాపం, థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం మళ్లీ రాసుకుంది. ఆ మొక్క పేరు ఇక్కడ కావాలనే రాయడం లేదు.

పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. చూపించడానికి పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు ఉన్నాయి కాబట్టి గెలిచాం. కోయ వైద్యుడు నోటితో చెప్పినదానికి మా షీటు మీది చేతిరాత తప్ప ఏం సాక్ష్యం ఉంది?

మేడారం జాతరలో ఆ పెద్దాయన కొడుకు కలిసి, "మా నాయిన చెప్పిన మందు ఏడిదాంక వచ్చింది సారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

విదేశీయులు మన మొక్కలనే కాదు, వాటి గురించిన జ్ఞానాన్ని పరిశోధనకు తీసుకోవాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతి ముందే ఉండాలని 2002 నాటి చట్టం చెబుతోంది. సర్వీసు చివరి ఏడాది దాకా ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

విదేశీయులతో కలిసి పనిచేయొద్దని నేననను. మా ల్యాబ్‌లోని మంచి మైక్రోస్కోపు అలాంటి స్నేహంతో వచ్చిందే. కానీ డేటా పంపే ముందు స్కాలర్లు వెళ్లి అడగడానికి ప్రతి యూనివర్సిటీలో, మా కాలేజీలాంటి చోట్ల కూడా, ఒక అధికారి ఉండాలి. పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో కనీసం ఒక పూట ఈ చట్టం చెప్పాలి. ఎవరు వచ్చారు, ఏ షీటు చూశారు అన్నది రిజిస్టర్‌లో రాయాలి. తాళం నాలాంటి ల్యాబ్ అసిస్టెంట్ చేతిలో ఉన్నా, బయటివారికి బీరువా తెరవాలంటే ఆ అధికారి సంతకం ఉండాలి.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్, హనుమకొండ