ఆయుధ నియంత్రణ అంటే తుపాకీ లైసెన్సు కాదు

అయ్యా,

మొన్నటి సోమవారం కాదు, అంతకు ముందు సోమవారం మీ విద్యా పేజీలో 'పీజీలో ఏం చదవాలి' అని ఒక పట్టిక వేశారు. ఆ రోజే ఉత్తరం రాయబోతే కోపంలో వద్దని మా ఆవిడ ఆపింది. పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

'ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ కోర్సులు: సైన్యం, పోలీసు శాఖల్లో చేరాలనుకునే వారికి అనుకూలం.' దేశాలు అణు, రసాయన ఆయుధాలు చేయకుండా, పెంచుకోకుండా ఒప్పందాలతో, తనిఖీలతో అదుపు చేయడం గురించిన చదువు ఇది. మీ పట్టికలో దీనికి దక్కింది ఈ ఒక్క ముక్క. పక్కన ఒక రైఫిల్ బొమ్మ. మద్యనిషేధం వార్తకు సీసా బొమ్మ వేసినట్టుంది. అదీ మీరు వేస్తూనే ఉంటారనుకోండి. దాని కింద మత్స్యశాస్త్రం గురించి మాత్రం తప్పుల్లేకుండా రాశారు. చేపలు అదృష్టవంతులు.

నాకెందుకింత బాధ అంటే, ఈ అజ్ఞానం చుట్టూ మా ఇంటి పిల్ల రెండేళ్ళు తిరిగింది. మా తమ్ముడి బిడ్డ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. రసాయన ఆయుధాల నిషేధ సంస్థకు 2013లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన సంగతి ఎక్కడో చదివి, అక్కడ కెమిస్టులకు పని ఉంటుందని తెలుసుకుని, ఆ దారిలో చదువుతానంది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కన్సల్టెన్సీకి నేనే వెంట వెళ్ళాను. 'ఆర్మ్స్ కంట్రోల్' కోర్సు అంటే, "ఆర్ట్స్ కంట్రోలా మేడమ్?" అన్నాడు కుర్రాడు. విడమరిచి చెప్పాక, "గిసొంటి కోర్సుకు ఓపీటీ ఏడాదే ఉంటది. డేటా సైన్స్ తీస్కోండ్రి, మూడేండ్లు. లోను గూడ మేమే చేపిస్తం" అన్నాడు. ఓపీటీ అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోవడానికిచ్చే అనుమతి. అతని లెక్కలో తప్పు లేదు, అతనిది వ్యాపారం. ప్రభుత్వ సాయం కోసం ఒక కార్యాలయానికి వెళితే, అక్కడి దరఖాస్తులో మా జిల్లా పేరు ఇంకా 'వరంగల్ అర్బన్' అనే ఉంది. 2021లోనే హనుమకొండ జిల్లా అయిందని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. అక్కడి పెద్దసారు ఫైలు చూసి, "బాంబులు చేసుడు నేర్పుతరా?" అన్నాడు. "కాదు సార్, చేయకుండా చూసుడు" అంది పిల్ల. "గదానికి కోర్సెందుకమ్మా, చెయ్యకుంటె అయిపాయె గదా!" గదిలో అందరూ నవ్వారు. పిల్ల ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

పెద్దసారును అని ఏం లాభం? ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నాకూ ఇది తెలియదు. బోర్డు మీద విల్స్‌మైయర్ చర్య రాసిన ప్రతిసారీ ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ వాడాను. ఆమ్లాన్ని ఆసిడ్ క్లోరైడ్‌గా మార్చడానికి థయొనైల్ క్లోరైడ్ అన్నాను. ఆ రెండూ రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మూడో షెడ్యూల్లో, అంటే కన్నేసి ఉంచాల్సిన రసాయనాల జాబితాలో ఉన్నాయని రిటైరయ్యాక ఆ పిల్ల చెబితే తెలిసింది. మందులకూ రంగులకూ పనికొచ్చేవే విషవాయువులకూ పనికొస్తాయి కాబట్టి వాటిని ఎంత చేశారో, ఎవరికి పంపారో దేశాలు లెక్క చెప్పాలి. షెడ్యూల్లో లేని మామూలు సేంద్రియ రసాయనాలైనా ఏడాదికి 200 టన్నులకు మించి తయారుచేసే ప్లాంటు ఉంటే దాన్ని ప్రకటించాలి, ది హేగ్‌లో ఉన్న ఆ నిషేధ సంస్థ నుంచి తనిఖీకి రావచ్చు. ఈ ఒప్పందం 1997 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉంది. మన దేశం తన దగ్గరున్న నిల్వలను ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది. ఎంత గొప్ప సంగతి! ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

మన ఊళ్ళో ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. అక్కడ చదివిన పిల్లలు హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో చేరతారు. ఏదైనా సరుకు విదేశానికి పంపే ముందు అది స్కోమెట్ జాబితాలో (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతికి మన ప్రభుత్వం పెట్టిన అదుపు జాబితా) ఉందా, లైసెన్సు కావాలా అని చూడాల్సింది ఎవరు? 2005లో సామూహిక వినాశక ఆయుధాల చట్టం వచ్చింది, 2022లో సవరించి అలాంటి ఆయుధాలకు డబ్బు సమకూర్చడాన్నీ అందులో చేర్చారు. అంటే బ్యాంకు వాళ్ళకూ ఈ జ్ఞానం కావాలి. ఇదంతా ఉద్యోగం కాదా? రైఫిల్ పట్టుకునే ఉద్యోగం కాదు, అంతే.

అణు సంగతి ఇంకా దగ్గరిది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళంతా మౌలాలి దాటుతారు. ఆ పక్కనే అణు ఇంధన సముదాయం ఉంది. మన దేశం ఎన్‌పీటీ, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేయలేదు. అయినా 2008లో అణు సరఫరా దేశాల బృందం మనకు మినహాయింపు ఇచ్చాక, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో ఒప్పందం కుదిరి, ఆ సముదాయంలో కొన్ని ప్లాంట్లు వాళ్ళ తనిఖీ కిందికి వచ్చాయి. మనల్ని తనిఖీ చేయడానికి వాళ్ళు మన గడప దాకా వస్తుంటే, ఆ తనిఖీ చదువు గురించి మనకు ఒకటిన్నర లైను.

మరి ఎక్కడ చదవాలి? మీ విలేకరి అడగనిది నేను చెబుతాను. ఢిల్లీ జేఎన్‌యూలో నిరాయుధీకరణ అనే మాట పేరులోనే ఉన్న కేంద్రం ఉంది. అమెరికాలో మాంటెరీలోని మిడిల్‌బరీ సంస్థ ఇందులో ఎంఏ ఇస్తూ వచ్చింది. అక్కడ 1989 నుంచి ఇందుకోసమే ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఖర్మ ఏమంటే, అక్కడి పీజీ తరగతులను 2027 నాటికి మూసేస్తామని మిడిల్‌బరీ వాళ్ళు 2025లో ప్రకటించారు. అమెరికా, రష్యాల అణ్వస్త్రాల సంఖ్యకు హద్దు పెట్టిన ఒప్పందాల్లో చివరికి మిగిలిన న్యూ స్టార్ట్‌కూ 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరింది. ఒప్పందాలే పోతుంటే చదువెందుకని మా తమ్ముడే అంటున్నాడు. ది హేగ్‌లోని ఆ సంస్థలో సాధారణంగా ఏడేళ్ళకు మించి ఉద్యోగం ఉండదన్నదీ నిజమే, అమెరికా ప్రయోగశాలల్లో చాలా కొలువులు ఆ దేశ పౌరులకే అన్నదీ నిజమే. ఇవన్నీ చెప్పి భయపెట్టినా నాకు సంతోషమే, కనీసం నిజం చెప్పినట్టుండేది. అలాగే ఆ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో మేరీ క్యూరీ పేరుతో అమ్మాయిలకు ఫెలోషిప్ పెట్టిందని, మాస్టర్స్‌కు ఏటా ఫీజు కింద 10,000 యూరోల దాకా, ఖర్చులకు మరో 10,000 దాకా ఇస్తుందని, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం చదివేవాళ్ళూ అర్హులేనని కూడా చెప్పాల్సింది.

చెప్పడానికి మనకు కెరీర్ మేళాలు ఉన్నాయిగా! మొన్న ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పదింటికని పిలిచి, ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చారు. శాలువాలు కప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఒకాయన మైకు పట్టుకుని 'కలలు కనండి' అని అరగంట అరిచాడు. ఏం చదవాలో, ఎక్కడ చదవాలో, ఎంతవుతుందో చెప్పినవాడు లేడు. పిల్లలు పులిహోర ప్యాకెట్లు తీసుకుని వెళ్ళిపోయారు. మీ పత్రికలో మాత్రం నాలుగు కాలాల ఫొటో వచ్చింది.

మా పిల్ల ఇప్పుడు ఒక మందుల కంపెనీలో ఎగుమతి కాగితాలు చూస్తోంది. స్కోమెట్ జాబితా తనే కూర్చుని నేర్చుకుంది. చేరిన రెండో నెలలోనే, లైసెన్సు లేకుండా వెళ్ళబోతున్న ఒక డ్రమ్ముల లోడును ఆపించిందట. వచ్చే ఏడాది ఫెలోషిప్‌కు దరఖాస్తు పెడుతుంది.

ఆ మేళా ఫొటో కింద ముఖ్య అతిథి ఇంటిపేరు తప్పు పడితే మర్నాడే పెట్టె కట్టి సవరణ వేశారు, చూశాను. ఆ సోమవారం పట్టికకు కూడా అలాంటి పెట్టె ఒకటి కట్టండి. ఈసారి రైఫిల్ లేకుండా.

— విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ