మా మెయిల్ రిలే సర్వర్‌ను ఊరందరికీ తెరిచిపెట్టడంపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. గుంటూరులోని మా డయాగ్నొస్టిక్ సెంటర్‌లో మా మెయిళ్లను అందుకుని బయటికి చేరవేసే రిలే సర్వర్ పెట్టింది మీరే, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద చూసుకుంటున్నదీ మీరే. దాని మీద మీ ఇంజనీర్ చేసిన మార్పు వల్ల మా పేషెంట్లకు రిపోర్టులు అందడం లేదు.

కొత్త బ్రాంచిలో స్కానర్ నుంచి మెయిల్ పంపితే 'రిలే యాక్సెస్ డినైడ్' అని వచ్చింది. ఆ సర్వర్‌లోని మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో, ఏ నెట్‌వర్కుల మెయిల్ మోయాలో చెప్పే మైనెట్‌వర్క్స్ అనే లైనుకు ఆ బ్రాంచి నెట్‌వర్క్ 192.168.20.0/24 చేరిస్తే సరిపోయేది. మీ ఇంజనీర్ అక్కడ 0.0.0.0/0 అని రాసి వెళ్లిపోయారు. అంటే ఎక్కడి నుంచి ఎవరు పంపినా వాళ్ల మెయిల్ మా సర్వర్ మోసిపెడుతుంది. పైగా ఫైర్‌వాల్‌లో, సర్వర్ మెయిల్ అందుకునే 25 పోర్టు బయటివాళ్లకు తెరిచే ఉంది. మా మెషిన్ల మెయిల్ బయటికి పంపే సర్వర్‌తో బయటివాళ్లకు పనేంటి?

ఇప్పుడు పంపాల్సిన మెయిళ్ల క్యూ నిండా మాకు ముక్కూమొహం తెలియని అడ్రసులే. వాటి మధ్య ఇరుక్కుపోయి మా బయాప్సీ రిపోర్టులు. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషికి ఒక్క పూట ఆలస్యమైనా ఎంత టెన్షనో ఆలోచించండి. రిసెప్షన్ వాళ్లు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ప్రింటు తీసుకెళ్లమని చెబుతున్నారు.

మీ సపోర్ట్ వాళ్లు మొదట జీమెయిల్ వైపే సమస్య అన్నారు. మా సర్వర్ ఐపీ అడ్రస్, స్పామ్ పంపేవాళ్ల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ సంస్థ బ్లాక్‌లిస్టులో ఉందని చూపించాక, తీసేయమని రిక్వెస్ట్ పెట్టారు, కానీ రిలే మూయలేదు. ఐపీ మళ్లీ లిస్టుకెక్కింది. ఇప్పుడు కొత్త ఐపీ కొనమంటున్నారు. రిలే తెరిచి ఉన్నంతకాలం దానికీ ఇదే గతి. పైగా ఐపీ మారితే, మా పేరుతో ఏ ఐపీ మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, ఆ ఐపీ ఏ సర్వర్‌దో చెప్పే పీటీఆర్ రికార్డులు కూడా మార్చుకోవాలి.

వెంటనే మైనెట్‌వర్క్స్‌లో మా నెట్‌వర్కులు మాత్రమే ఉంచి, బయటి నుంచి 25 పోర్టు మూసేయండి. బ్లాక్‌లిస్టు రిక్వెస్ట్ ఆ తర్వాతే. క్యూ మొత్తం ఒక్కసారిగా డిలీట్ చేయొద్దు. మా లోపలి మెషిన్ల నుంచి వచ్చిన మెయిళ్లను వేరు చేసి పంపించండి. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ప్రయత్నించి వెళ్లని మెయిల్ వెనక్కి కొట్టేస్తుంది కాబట్టి ఇది ఇవాళే జరగాలి. ఆ లైను ఎప్పుడు మార్చారో, ఎవరు సరిచూశారో రాతపూర్వకంగా తెలపండి. ఈ త్రైమాసికం ఏఎంసీ డబ్బు వాపసు ఇవ్వాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ఐటీ ఇన్‌చార్జి