నా గీత మీద ఉలి పట్టిన అందరికీ దండాలు

మొన్న శుక్రవారం పొద్దున మిర్యాలగూడ దగ్గరి ఊళ్లో, శివాలయానికి నేను గీసిన రాతి ద్వారబంధం నిలబడింది. టన్ను బరువున్న పైరాయిని క్రేన్ దించి తాడు వదిలాక, అతుకులో కాగితం పెట్టి చూశాం. దూరలేదు. ఊరివాళ్లు నాకు శాలువా కప్పారు. అది కప్పుకున్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరిలో నార్కట్‌పల్లి దగ్గర బండి జారి నా కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మూడు నెలలు సుత్తి ముట్టొద్దన్నారు. ప్రతిష్ఠ ముహూర్తం వైశాఖంలో. అప్పటికి గడప, కుడి నిలువురాయి మాత్రమే పూర్తయ్యాయి. ఎడమ నిలువు మీద, పైరాయి మీద ఉన్నవి కావి గీతలే. అడ్వాన్సు రాయి కొనడానికే సరిపోయింది. టెన్షన్‌తో రాత్రిళ్లు కన్ను మూతపడేది కాదు.

ఈ పని వదులుకోలేకపోవడానికి కారణం నల్లగొండ పక్కనున్న పానగల్లు. మా నాయన రోళ్లు, తిరుగళ్లు కొట్టేవాడు, ఊళ్లలో బొడ్రాళ్లు చేసేవాడు. నాకు పదేళ్లప్పుడు పచ్చల సోమేశ్వరాలయానికి తీసుకెళ్లి ఒక స్తంభం ముందు నిలబెట్టాడు. జానెడు వెడల్పు పట్టీలో రామాయణం. బొటనవేలంత మనుషులు, ఒక్కొక్కరి నిలబడే తీరు వేరు. "చేత్తో తడిమి చూడు బిడ్డా, ఎక్కడన్న ఉలి జారిందా?" అన్నాడు. జారలేదు. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల కాలం పని అది. పక్కనే ఛాయా సోమేశ్వరంలో లింగం వెనుక పొద్దంతా కదలని స్తంభం నీడ చూశాను. రాయినే కాదు, వెలుగునూ కొలిచి కట్టినవాళ్లు వాళ్లు. ఆ రోజే నా దారి ఖాయమైంది.

తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాలలో చదివాను. తర్వాత నాలుగేళ్లు యాదగిరిగుట్ట గుడి పునర్నిర్మాణంలో కృష్ణశిల, అంటే నల్లరాయి, చెక్కాను. 2022 మార్చి 28న గుడి మళ్లీ తెరిచిన నాడు జనంలో నిలబడి నా స్తంభాన్ని వెతుక్కున్నాను. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి మాత్రం ఇప్పటికీ నాకు బడి. 1208 నాటి ఎరకేశ్వరాలయం స్తంభాల ముందు ఎన్ని ఆదివారాలు గడిపానో లెక్కలేదు. ఈ ద్వారబంధంలో తీగ తిరిగే తీరు అక్కడ కూర్చుని నేర్చుకున్నదే.

అట్లాంటి తీగ మీద పరాయి ఉలి పడుతుందంటే భయపడ్డాను. దాచను.

ఆళ్లగడ్డ అన్నా, గుట్టలో మనం పక్కపక్క షెడ్లలో చేశాం, అంతే పరిచయం. విషయం తెలిసి మీ పని ఆపుకుని ఇద్దరు కుర్రాళ్లతో దిగారు. మొదటి రోజు ఉలి తియ్యలేదు. నా గీత మీద బొటనవేలు నడుపుతూ, పూర్తయిన కుడి నిలువు దగ్గరికి వెళ్లి తీగ లోతు పుల్లతో కొలుచుకుంటూ, సాయంత్రం దాకా తిరిగారు. తర్వాత ప్రతి ఆకుకీ ఫోన్. "తమ్ముడూ, ఈ కొస లోపలికి తిప్పావా, బయటికా?" ఆ ఆకు మీ పద్ధతిలో ఇంకా బాగా వచ్చేదని నాకు తెలుసు. అయినా నా పద్ధతిలోనే చెక్కారు. ఇప్పుడు రెండు నిలువులు పక్కపక్కన చూస్తే ఏది ఎవరిదో నేనే చెప్పలేను. ఇంతకంటే పెద్ద గౌరవం నాకు ఎవరూ ఇవ్వలేదు.

తమ్ముళ్లిద్దరూ రోజూ పొద్దు పొడవకముందే కొలిమి ముట్టించి ఉలులు సాగదీసి పదును పెట్టుకునేవారు. నల్లరాయి మీద గంటకే మొన పోతుంది మరి. మాస్కు లేకుండా గ్రైండర్ ముట్టొద్దని నేను అన్నప్పుడల్లా మాట విన్నందుకు కూడా థాంక్స్. ఆ దుమ్ము మా నాయన ఊపిరితిత్తులను ఏం చేసిందో నాకు తెలుసు.

షెడ్డు నుంచి గుడికి రాళ్లు చేర్చేటప్పుడు అన్న ఒక్కో దానికి నంబరు, దిక్కు రాయించారు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం చేర్చిన సంగతి గుర్తొచ్చింది. క్రేన్ అన్న రోజంతా పని చేసి డీజిల్ డబ్బులే తీసుకున్నాడు. బడి టీచరమ్మ వాళ్ల ఇంట్లో ముగ్గురికీ గది ఇచ్చి, రెండు పూటలా అన్నం పెట్టింది. జొన్నరొట్టె అలవాటు లేని తమ్ముడికి విడిగా చపాతీ చేసిందట. అమ్మా, ఈ మాట నాకు నిన్ననే తెలిసింది.

పైరాయి మధ్యలో గజలక్ష్మి. అంతా చెక్కి, ఆమె చేతిలోని తామరలో ఒక్క రేకు వదిలేశారు. "అది నీదే తమ్ముడూ" అన్నారు. ప్రతిష్ఠకు మూడు రోజుల ముందు, డాక్టర్‌ను అడిగి, చిన్న ఉలితో మెల్లగా ఆ రేకు తీశాను. గంటన్నర పట్టింది. వెనక మీరు ముగ్గురూ మాట్లాడకుండా నిలబడ్డారు.

అన్నా, కార్తీకానికి నా చెయ్యి పూర్తిగా కుదురుకుంటుందట. మీరు ఆపుకొచ్చిన పనికి నేనే వస్తాను, గీత మీరు గియ్యండి. తమ్ముళ్లూ, నా ఉలుల మూట పొరపాటున మీ సామానుతో వచ్చిందని ఫోన్ చేశారు కదా. అది పొరపాటు కాదు. నేనే పెట్టాను, ఉంచుకోండి.