మత్స్యన్యాయం కౌటిల్యుడి బోధ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రపంచ క్రమంపై గత ఆదివారం మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసం చదివి, పోనీలే అని నాలుగు రోజులు ఆగి, చివరికి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. దేశాల మధ్య బలమే తప్ప నియమం ఏనాడూ లేదని, కౌటిల్యుడు దానినే మత్స్యన్యాయంగా, అంటే పెద్ద చేప చిన్న చేపను మింగే న్యాయంగా, సెలవిచ్చాడని వ్యాసకర్త తేల్చేశారు. చేపలూ రొయ్యలూ తప్ప వేరే మాట వినపడని భీమవరంలో ఉంటున్న నాకు, ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆ మాట వచ్చేది దండం, అంటే శిక్షించే అధికారం, లేని రాజ్యం ఏమవుతుందో హెచ్చరించడానికి. ఆ దుస్థితి భరించలేకే జనం మనువును రాజును చేసుకున్నారని కూడా అందులోనే ఉంది. రాజుల మధ్య వ్యవహారానికి పన్నెండుగురు రాజుల మండలాన్నీ, సంధి మొదలు ద్వైధీభావం (ఒకరితో సంధి, మరొకరితో వైరం) దాకా ఆరు గుణాలనూ, అంటే ఆరు విధానాలనూ, ఆయన విడిగా చెప్పాడు. రోగం పేరును మందు పేరుగా అచ్చువేస్తే ఎలా?

వాస్తవికవాదులు బలాబలాల తూకాన్ని నమ్ముతారు, ఉదారవాదులు ఒప్పందాలనూ సంస్థలనూ నమ్ముతారు. పైన పాలకుడు లేకపోయినా దేశాలు కొన్ని కట్టుబాట్లతో సమాజంగా మెలగగలవని 1977లో అంతర్జాతీయ సంబంధాల పండితుడు హెడ్లీ బుల్ వాదించాడు. ఈ మూడో పక్షం ఊసే వ్యాసంలో లేదు.

2025 ఆగస్టు 7న 25 శాతం, 27న మరో 25 శాతం సుంకాన్ని అమెరికా మన సరుకులపై వేయడంతో నియమాల కాలం చెల్లిందట! తాబేళ్ల రక్షణ పేరిట రొయ్యల దిగుమతిని ఆపిన అదే అమెరికాపై మనమూ, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేస్తే, ఆశయం సరైనదే గాని అమలులో వివక్ష ఉందని 1998లో అప్పీలు మండలి తీర్పు చెప్పలేదా? ఆ మండలిలో ఖాళీలు నిండకుండా అమెరికా అడ్డుపడుతున్నందువల్లే 2019 డిసెంబరు నుంచి అది మూలపడింది. దాళ్వా పంటకు కాలువ నీటిని వంతులవారీగా ఇచ్చేటప్పుడు, ఆ వంతులు చూసే లస్కరును తప్పించి తూము ఎత్తుకున్న ఎగువ రైతు, అసలు వంతులనేవే అబద్ధమంటే శివారు రైతు ఒప్పుకుంటాడా?

సుంకాల మీద ఇక్కడ జరిగిన సమావేశానికి వచ్చిన అధికారి ఒకరు వేరే దేశాలకు అమ్ముకోమని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. అప్పీలు మండలి సంగతి అడిగితే అది ఢిల్లీ విషయమన్నారు. వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిపోయింది మాత్రం ఢిల్లీలో కాదు.

ఒకప్పుడు మీ పత్రికలో సంస్కృత పదం వాడితే మూలం చూసి మరీ వేసేవారు. వ్యాసకర్తను అర్థశాస్త్రం మొదటి అధికరణంలో నాలుగో అధ్యాయం తిరగేయమనండి. సవరణ మొదటి పేజీలో అడగడం లేదు. రొయ్యల ధరల పట్టిక పక్కన వేసినా మావాళ్లు చదువుతారు.

– విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, భీమవరం