బారువలో ఇల్లు కొన్నాం, పూరీ వారం మాత్రం ఉంచుకుంటున్నాం

మా దగ్గర జీడిపప్పు కొనే అందరికీ నమస్కారం.

ఈ మధ్య ఆర్డర్ చెప్పడానికి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది పప్పు రేటు అడిగాక ఇంకో మాట కూడా అడుగుతున్నారు. "బారువలో సముద్రం దగ్గర ఇల్లు కొన్నారట కదమ్మా, మరి పూరీలో ఆ రిసార్టు క్లబ్బు ఇంకా ఎందుకు? దానికి ఏటా డబ్బు కట్టాలి కదా?" అని. రేటు పెరగడానికీ ఈ ఇంటికీ ఏమైనా సంబంధం ఉందా అని మొహమాటపడకుండా అడిగినవాళ్లూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. పెళ్లిళ్లకీ, దీపావళి గిఫ్టు బాక్సులకీ నెలల ముందు అడ్వాన్స్ ఇస్తారు మీరు. ఆ డబ్బు ఎటు పోతోందో మీకు తెలియాలి.

రేటు సంగతి ముందు చెప్పేస్తాను. ఇంటికి వ్యాపారంలోంచి రూపాయి తీయలేదు. మా ఆయన వాటాకి వచ్చిన పొలం అమ్మాం, తక్కువపడింది బ్యాంకు లోన్ తీసుకున్నాం. ఆ కిస్తీ ఆయన టీచరు జీతంలోంచి పోతుంది. మీ అడ్వాన్సులు వేరే ఖాతాలో ఉంటాయి, పిక్కలు (పెంకుతో ఉన్న పచ్చి జీడిగింజలు) కొనడానికి తప్ప ముట్టుకోం. 240, 320 నంబరు (పౌను బరువుకి సుమారుగా ఎన్ని పప్పులు వస్తాయన్న లెక్క) గుండుపప్పు రేటు పెంచడానికి రెండు కారణాలు. ఒకటి, 80 కిలోల పిక్కల బస్తా ఈసారి మాకు పడిన ధర. రెండోది, తొక్క తీసి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకి కూలి పెంచాం. పిక్కల ధర తగ్గితే రేటు ఆ మేరకు తగ్గిస్తాం. కూలి మాత్రం వెనక్కి తగ్గించం. బద్ద, ముక్క రేట్లు పాతవే.

ఇక పూరీ. అక్కడ మాకు ఇల్లూ లేదు, స్థలంలో వాటా లేదు. ఉన్నది టైమ్‌షేర్ సభ్యత్వం. 25 ఏళ్ల పాటు ఏటా ఒక వారం రిసార్టులో రెండు గదుల ఫ్లాట్ వాడుకునే హక్కు. చేరినప్పుడు పెద్ద మొత్తం కట్టాం, ఆ తర్వాత ఏటా మెయింటెనెన్స్ ఫీజు కడుతున్నాం. ఐరోపాలో 1960లలో మంచుకొండల విడిదుల దగ్గర మొదలైన పద్ధతి ఇది, మన దేశానికి 1980ల మధ్యలో వచ్చింది. కంపెనీలు ఏడాదిని సీజన్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక రంగు పేరు, ఒక ధర పెడతాయి. అందరికీ సెలవులుండే వారాలు ఖరీదు, జనం కదలని వారాలు చవక.

మాకు చవక వారాలే సరిపోయాయి. మార్చి నుంచి మే దాకా పిక్కల సీజన్, పలాస వదిలి కదలలేం. పెళ్లిళ్ల నెలల్లో కదలలేం. దసరా నుంచి దీపావళి దాకా సరేసరి. మిగిలేది ఆషాఢం. ముహూర్తాలుండవు, ఆర్డర్లు పలచబడతాయి, వానకి పప్పు మెత్తబడుతుందని సరుకు కూడా తక్కువ తీస్తాం. పూరీలో రథయాత్ర వచ్చేదీ ఆషాఢంలోనే కాబట్టి ఆ తొమ్మిది రోజులూ ఫ్లాట్ దొరకదు. రథాలు తిరిగొచ్చే బాహుడా యాత్ర అయ్యి జనం పలచబడ్డాక ఆషాఢం రెండో సగంలో దొరుకుతుంది. అదే మేం తీసుకుంటాం. క్రిస్మస్ సెలవులకి అడిగితే ఎప్పుడూ ఖాళీ లేదనే అంటారు, ఆ ఆశ మానేశాం.

బారువ ఇంటి గురించి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి. సోంపేట మండలంలో తీరం పక్కన ఇల్లు కొనాలంటే చూడాల్సినవి చాలా ఉన్నాయి. మొదట ఈసీ (స్థలం మీద పాత అమ్మకాలు, తాకట్టులు చూపే కాగితం) తీయించాం. స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా భూమా అని చూశాం. తర్వాత తీరప్రాంత నిబంధన. పల్లె తీరాల్లో చాలాచోట్ల పోటు గీత (పోటు వేళ సముద్రం నీళ్లు ఎక్కేచోటు) నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకి అనుమతి ఉండదు. కాబట్టి మా ఇంట్లోంచి సముద్రం కనబడదు, వినబడుతుంది. అంతకన్నా దగ్గరలో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే కాగితాలు రెండుసార్లు చూసుకోండి. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అయింది, బేరమాడేటప్పుడే అది లెక్కలో వేసుకోవాలి. అన్నిటికన్నా ముందు నీళ్లు. మా ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. బావి నీళ్లు వాడుకకే, తాగడానికీ వంటకీ వేరే నీళ్లు అని కొనే రోజే అనుకున్నాం.

ఇల్లు కొన్నాక దాని పని మొదలైంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయి, మోటార్ స్టార్టర్ పాడవుతుంది, తాళం కూడా నూనె వేస్తే గాని తిరగదు. కొబ్బరిచెట్లు ఇంటి మీదికి వాలకుండా చూసుకోవాలి. తుఫాను భయం సరేసరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మనం చూశాం. తాతల నాటి జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్త మొక్క వేస్తే కాపు కోసం ఏళ్లు ఆగాలి, ఆ మధ్యలో రైతు తినేదేమిటి? ఆ తుఫాను తర్వాత ఇక్కడి పిక్కలు చాలక దిగుమతి సరుకు మీద ఆధారపడాల్సి వచ్చిన సంగతి పాత కస్టమర్లకి గుర్తుండే ఉంటుంది. ఏడు నెలలు తిరక్కుండానే, 2019 మే 3న, ఫొని పూరీ దగ్గర తీరం దాటింది. ఆ ఏడు మాకు పూరీ వారం లేదు, ఫీజు మాత్రం కట్టాం. కానీ అక్కడ పగిలిన అద్దాలు మార్చడం, పంపులు బాగు చేయడం మా మీద పడలేదు. రేపు బారువ మీదికి అలాంటిదొకటి వస్తే పెంకు నుంచి ప్లగ్గు దాకా బాగు చేయాల్సింది మేమే. తెలిసే కొన్నాం. మా అమ్మ వయసుకి సాయంత్రం కాసేపు సముద్రపు గాలి అవసరం, పిల్లలు వస్తే ఒక చోటు ఉండాలి, మేమిద్దరం పని మానేశాక ఉండాలనుకున్నదీ అక్కడే.

పూరీ వారం ఎందుకు ఉంచుకున్నామన్నదానికి అసలు కారణం మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు.

మీరు తినే పప్పు వాళ్ల వేళ్ల మీదుగా వస్తుంది. పిక్క కొట్టేటప్పుడు జీడి నూనె అంటుకుంటే చర్మం కాలుతుంది, వేళ్లు నల్లబడతాయి. చేతికి బూడిదో, నూనో రాసుకుని పనిచేస్తారు. గ్లవ్స్ ఇచ్చాం, కానీ సన్నపొర తీసే పనికి వేళ్లే కావాలంటారు. పొద్దున్న ఇంట్లో వంట, పగలంతా మా దగ్గర, సాయంత్రం మళ్లీ ఇంట్లో పని. వాళ్లలో చాలామందికి సెలవు అంటే జ్వరమో, చుట్టాలింట్లో పెళ్లో, చావో. కొన్నేళ్ల కిందట మా వారంలో సగం వాళ్లకి ఇచ్చాం. కొంత గెస్టు చార్జీ కడితే క్లబ్బు ఒప్పుకుంటుంది, వారాన్ని రెండుగా విడగొట్టుకునే వీలూ ఉంది. పలాస నుంచి పూరీకి నేరుగా రైలుంది. టికెట్లు, ఆ రోజుల కూలి, తిండి ఖర్చు మావి. రిసార్టులో భోజనం ఖరీదు ఎక్కువ కాబట్టి ఒక పూట బయట హోటల్లో, ఒక పూట గుడిలో ఆనంద బజారు మహాప్రసాదం.

మొదటిసారి వెళ్లినావిడ తిరిగొచ్చి నాతో అన్న మాట ఇది: "అమ్మా, గది తుడవడానికి ఒకమ్మాయి వచ్చింది. నాను తుడుత్తానంటే ఒప్పుకోలేదు. మంచం మీద కూకోమంది."

ఇప్పుడు బారువలో సొంత ఇల్లు ఉంది కదా, వాళ్లని అక్కడికి పంపొచ్చు కదా అని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఇల్లు కొన్న కొత్తలో కొందరిని తీసుకెళ్లాం కూడా. కారు దిగగానే ఒకావిడ చీపురు అందుకుంది, ఇంకొకావిడ వంటింట్లోకి వెళ్లింది. కూర్చోండమ్మా అంటే నిలబడే టీ తాగారు. నేను ఎంత చెప్పినా అది యజమాని ఇల్లు. అక్కడ వాళ్లకి నడుం వాల్చాలనిపించదు, అనిపించినా వాల్చరు. పూరీలో వాళ్ల పేరున బుకింగ్ ఉంటుంది, తాళం వాళ్ల చేతికిస్తారు, కౌంటరు దగ్గర "మేడమ్" అని పిలుస్తారు. నేను అక్కడ ఉండను. ఆ తేడా నా ఇంట్లో నేను తీసుకురాలేను.

నా సంగతీ కొంత అంతే. బారువ వెళ్తే గ్యాస్ ఉందా, పాలవాడికి చెప్పామా, వస్తామన్న చుట్టాలకి పరుపులు సరిపోతాయా అని ఇదే నడుస్తుంది. పూరీలో ఉన్నన్నాళ్లూ స్టవ్ ముట్టుకోను. మిగతా సగం వారం మేమిద్దరం వాడుకుంటాం. సముద్రం ఇక్కడే ఉంది కదా అనిపించిన ఏడు దాన్ని ఊటీకో, కొడైకెనాల్‌కో మార్చుకుంటాం. ఒక రిసార్టు వారాన్ని వేరే ఊళ్లో వారంతో మార్పిడి చేసే సంస్థలున్నాయి, ఆర్‌సీఐ 1974 నుంచి ఇదే పని చేస్తోంది.

డబ్బు లెక్క కూడా పెడతాను. ఈ ఏడాది ఫీజు 22,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 25,960. అదే ఫ్లాట్ అదే రోజుల్లో బయటి మనిషిగా తీసుకుంటే రాత్రికి 7,000 చెప్పారు, ఆరు రాత్రులకి 42,000. చేరినప్పుడు కట్టిన పెద్ద మొత్తాన్ని ఈ లెక్కలో కలపలేదు, ఎందుకంటే ఉంచుకున్నా వదిలేసినా అది తిరిగి రాదు. కొత్తగా చేరేవాళ్లు మాత్రం తప్పకుండా కలపాలి. ఫీజు ఏటా కొంచెం కొంచెం పెరుగుతోంది. గది అద్దెతో సమానమైన రోజున సభ్యత్వం వదిలేసి, ఆ డబ్బుతోనే మా వాళ్లకి గదులు బుక్ చేస్తాం.

"అయితే మేమూ తీసుకోమంటారా?" అని అడుగుతున్నవాళ్లకి: మమ్మల్ని చూసి తీసుకోకండి. మా వ్యాపారానికి ఆషాఢంలో ఖాళీ ఉంది, పూరీ దగ్గర, పంపడానికి మనుషులున్నారు. ఈ మూడూ లేని ఇంటికి ఇది భారమే అవుతుందని నా అభిప్రాయం. లక్కీ డ్రాలో గిఫ్టు వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి హోటల్‌కి రండి అని పిలిచి, కూర్చోబెట్టి, ఈరోజే సంతకం చేస్తే తగ్గింపు అంటారు. ఒక రోజు ఆగలేని బేరం మనకి వద్దు. ఒప్పందం కాగితం ఇంటికి తెచ్చుకుని ఫీజు ఎంతవరకు పెంచొచ్చో, మధ్యలో వదిలేస్తే ఏమొస్తుందో చదవండి. మన దేశంలో టైమ్‌షేర్ కోసం ప్రత్యేకంగా చట్టం లేదు. గొడవ వస్తే వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, దారి చెబుతారు. ఇప్పటికే సభ్యత్వం ఉండి అమ్మాలనుకుంటున్నవాళ్లకి ఒక జాగ్రత్త. "మంచి రేటుకి అమ్మిపెడతాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని ఫోన్లు వస్తాయి. మాకూ వచ్చాయి. డబ్బు పంపకండి.

బారువ ఇల్లు అద్దెకిస్తారా అని అడిగినవాళ్లు క్షమించాలి, ఇవ్వం. శీతాకాలం చివర్లో సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది. రాత్రిపూట దీపాలుంటే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు పోకుండా వెలుతురు వైపు పోతాయి. పార్టీలు, లైట్లు అక్కడ వద్దనుకున్నాం. దూరం నుంచి వచ్చే పాత కస్టమర్లు మా ఇంటికి వచ్చి ఒక పూట భోజనం చేసి వెళ్తామంటే సంతోషం, ఒక రోజు ముందు ఫోన్ చేయండి.

ఆషాఢం రెండో సగంలో పనివాళ్లు కొందరు పూరీలో ఉంటారు. ఆ వారం గ్రేడింగ్ ఆగుతుంది, ప్యాక్ చేసి ఉన్న సరుకు మాత్రం పంపుతాం. శ్రావణం పెళ్లిళ్లకి గుండుపప్పు కావలసినవాళ్లు ఆషాఢం మొదట్లోనే నంబరు, కిలోలు చెప్పేయండి. అప్పుడు చెప్పిన ఆర్డర్లకి ఇప్పటి రేటే వేస్తాం.