బొంతకు గుచ్చిన చీటీ

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో అమెరికా పాత సామాన్ల వేలాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇంటికప్పు మీద గాలి దిక్కు చూపించే రాగి బొమ్మ ఇంత, చెక్క బాతు ఇంత, మట్టి జాడీ ఇంత అని ధరలు వరుసగా వేశారు. గరాజ్ సేల్‌కి, అంటే ఇళ్ల ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే చోటికి వెళ్తే మనకూ అలాంటి అదృష్టం తగలవచ్చని చివర్లో రాశారు. ఆ వ్యాసం చదివి ఇక్కడి తెలుగు కుటుంబాల నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. మూడింట్లోనూ ఒకటే ప్రశ్న: "అక్కా, ఏం కొంటే రేటు పెరుగుతుంది?" పాతికేళ్లకు పైగా ఈ వస్తువులు సేకరిస్తున్నాను కాబట్టి నా జవాబేదో మీ పాఠకులందరికీ చెప్పాలనిపించింది.

మాది పెన్సిల్వేనియాలో లాంకస్టర్ కౌంటీ. 1991లో వచ్చాం. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. అమెరికానా అని ఇక్కడివాళ్లు పిలుచుకునే, అమెరికా పాతకాలపు జీవితాన్ని గుర్తుచేసే వస్తువులతో నా పరిచయం ఒక గాజు జాడీతో మొదలైంది. పక్కింటి పెద్దావిడ వృద్ధాశ్రమానికి వెళ్లిపోతూ ఇల్లు ఖాళీ చేయిస్తుంటే, లేత నీలిరంగు జాడీ ఒకటి 2 డాలర్లకు కొన్నాను. దాని మీద 1858 నవంబరు 30 అని ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి. అంత పాతదా అని సంబరపడిపోయాను. అది జాన్ మేసన్ మరమూత జాడీకి పేటెంట్ తీసుకున్న తేదీ అనీ, ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు రకరకాల కంపెనీలు అదే తేదీ వేసి జాడీలు పోశాయనీ తర్వాత తెలిసింది. కానీ ఆ పక్కింటావిడ ఇంకో మాట చెప్పారు. వాళ్లమ్మ ప్రతి ఆగస్టులోనూ ఆ జాడీల్లో పీచ్ పళ్లు నిలవపెట్టి నేలమాళిగలో అరల నిండా పేర్చేదట. చలికాలంలో ఒక్కో జాడీ పైకి తెస్తుంటే, ఇంకా ఎన్ని మిగిలాయో పిల్లలు లెక్కపెట్టుకునేవాళ్లట. ఆ మాట ఒక కాగితం మీద రాసి జాడీలో వేసి ఉంచాను. అలా రాసిపెట్టాలని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. ఎందుకో ఆ ఒక్కసారి తోచింది. ఆ తెలివి తర్వాత కూడా ఉండి ఉంటే బాగుండేది.

2004లో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్లాను. ఇంటి పెద్దలు పోయాక ఇల్లంతా తెరిచి, ఉన్న వస్తువులు ఉన్నచోటనే పెట్టి అమ్మేస్తారు. చివరి రోజున అన్నీ సగం ధరకే ఇస్తారు. మేడ మీద గదిలో మంచం కింద ఒక క్విల్ట్ దొరికింది. క్విల్ట్ అంటే బొంతే. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ, మూడూ కదలకుండా చేత్తో వేసిన సన్నటి కుట్లు. ముదురు గోధుమరంగు, గులాబిరంగు త్రికోణాలు. నలభై డాలర్లు. ఒక మూలన గుండుసూదితో పసుపుపచ్చబడిన చీటీ గుచ్చి ఉంది, పెన్సిల్ రాత. సేల్ వాళ్లు పెట్టిన ధర చీటీ అనుకున్నాను. ఇంటికి రాగానే సూది తీసి, చీటీ చెత్తబుట్టలో పడేసి, బొంతను వాషింగ్ మెషీన్‌లో వేశాను.

తీసి చూస్తే గోధుమరంగు త్రికోణాలు లేవు. పొడి పొడిగా మెషీన్ అడుగున ఉన్నాయి. ఆ రంగు రావడానికి 19వ శతాబ్దంలో ఇనుము కలిపిన అద్దకం వాడేవారు. ఆ ఇనుము ఏళ్ల తరబడి నూలును లోలోపలే తినేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, నీళ్లు తగిలితే నిలవదు.

కొన్నాళ్లకు చర్చి హాల్లో, ఎవరు ఎప్పుడు కుట్టారో రాసుకుని పాత బొంతలు నమోదు చేస్తున్నారంటే మిగిలినదాన్ని పట్టుకెళ్లాను. ఈ నమోదు పని 1981లో కెంటకీలో మొదలై మిగతా రాష్ట్రాలకు పాకింది. బల్ల అవతల కూర్చున్నావిడ బొంతను విప్పకముందే అడిగిన మొదటి ప్రశ్న, "దీనితో పాటు కాగితమేమైనా ఉందా?" అని. నాకు నోట మాట రాలేదు. గుడ్డ పోయినందుకు ఆవిడ బాధపడలేదు, గుడ్డ ఎలాగూ పోయేదేనన్నారు. చీటీ సంగతి విన్నాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి నా సేకరణ పద్ధతే మారిపోయింది. వస్తువు చేతిలోకి తీసుకునే ముందు మనిషిని అడుగుతాను. ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఏ గదిలో ఉండేది, ఇంకెవరైనా అడిగారా? చెప్పేవాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేస్తాను. ఇంటికొచ్చాక ఆమ్లం లేని కాగితం మీద పెన్సిల్‌తో రాస్తాను. పెన్ను సిరా దిగుతుంది, వెలుస్తుంది. బొంతకైతే నూలు పట్టీ మీద రాసి, పైనున్న ముక్కల గుడ్డ దాకా సూది దిగకుండా, అడుగు గుడ్డ అంచుకు మాత్రమే వదులుగా కుడతాను.

మేరీలాండ్‌లో హావ్ర డి గ్రేస్ దగ్గర ఒక రిటైరైన పడవ మెకానిక్ దగ్గర చెక్క బాతు కొన్నాను. వేటగాళ్లు నీళ్లమీద వదిలి నిజం బాతుల్ని దించుకునే ఎర బొమ్మ అది. అడవి బాతుల్ని పట్టి బజార్లో అమ్మే వేట 1918 నాటి వలస పక్షుల చట్టంతో ఆగిపోయింది కానీ, సొంతానికి వేటాడేవాళ్లు ఈ బొమ్మలు చెక్కుతూనే వచ్చారు. నా బాతుకి అసలు రంగు లేదు, నాలుగైదు పొరలు పడ్డాయి. వేలం వాళ్ల లెక్కలో అది పెద్ద లోపం. కానీ ఆ పొరలు ఎలా వచ్చాయో ఆయన చెప్పాడు. ఏటా వేసవి చివర వాళ్ల నాన్న బాతులన్నీ గడ్డి మీద వరసగా పెట్టేవాడట, పెద్దవాళ్లు తలలకు రంగు వేస్తే, పిల్లలు ఒంటికి వేసేవాళ్లట. ఒంటి మీద బ్రష్ గీతలు అడ్డదిడ్డంగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది. ఎవరైనా ఆ రంగులు గీకించి శుభ్రం చేయిస్తానంటే నేనివ్వను.

నకిలీల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ముందు అక్కడే దెబ్బతింటారు. 1896లో మెకిన్లీ, బ్రయాన్ అధ్యక్ష పదవికి పోటీపడ్డ ఎన్నికల్లో, కాగితం మీద సన్నటి సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పొర బిగించిన గుండ్రటి బ్యాడ్జీలు మొదటిసారి దేశమంతా పంచారు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ ఎన్నో చేసింది. ఒక వ్యాపారి నాకు మెకిన్లీ బ్యాడ్జీ 35 డాలర్లకు అమ్మాడు. అది నేరుగా రేకు మీద అచ్చు వేసింది. రేకు మీద అచ్చేసే బ్యాడ్జీలు 1920 ప్రాంతంలో గాని రాలేదు. మెకిన్లీ 1901లోనే చనిపోయాడు. 1960లు, 70ల్లో కొన్ని కంపెనీలు ప్రచారం కోసం పాత బ్యాడ్జీల నమూనాలు సెట్లుగా వేశాయి. అంచున చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది, మోసం చేసేవాళ్లు దాన్ని గీకేస్తారు. 1973లో అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చి, రాజకీయ వస్తువుల నకళ్ల మీద తయారైన సంవత్సరం తప్పనిసరిగా వేయాలంది. కాబట్టి అంచు చూడండి, భూతద్దం పెట్టి చూడండి. పాత కాగితం, పాత దారం అని అమ్ముతుంటే చిన్న అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. తెల్లగా నీలంగా మెరిస్తే అనుమానించాలి, కాగితంలో మెరుపు రసాయనాలు కలపడం సుమారు 1950 నుంచి వచ్చిన అలవాటు. బొంత విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఈమధ్య సబ్బుపొడితో ఉతికినా అది మెరుస్తుంది.

మా కౌంటీలో జరిగిందే ఇంకొకటి చెబుతాను. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం బొంతల్ని పెయింటింగుల్లా గోడలకు వేలాడదీసి ప్రదర్శన పెట్టింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో వ్యాపారులు మా పొలాల దారులన్నీ తిరిగి ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల ఇళ్లలోని పాత ఉన్ని బొంతలు కొనుక్కుపోయారు. మధ్యలో పెద్ద వజ్రం ఆకారం, ముదురు రంగులు, పూల గుడ్డ ఒక్క ముక్క కూడా ఉండదు. అవి ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి, గౌరవంగానే చూస్తున్నారు. కానీ చాలావాటి పక్కన "కుట్టినవారు తెలియదు" అనే ఉంటుంది. బజారుకు పోయేదారిలో చేతులు మారుతుంటే పేరు జారిపోయింది. ఇప్పటికీ ఫిబ్రవరి చివర, మార్చిలో మంచు కరిగి నేల బురదయ్యే రోజుల్లో ఇక్కడి వాలంటీర్ ఫైర్ కంపెనీలు, అంటే స్థానికులే స్వచ్ఛందంగా నడిపే అగ్నిమాపక దళాలు, ఖర్చుల కోసం వేలాలు పెడతాయి. మడ్ సేల్స్ అంటారు. ఆమిష్ ఆడవాళ్లు కుట్టిన కొత్త బొంతలు అక్కడ అమ్ముతారు. కొంటే ఎవరు కుట్టారో, ఏ ఊరో అక్కడికక్కడే అడిగి రాసుకోండి. ఫొటో మాత్రం అడగొద్దు, వాళ్లకు ఇష్టం ఉండదు.

నాకు కొనే స్తోమత లేక, ఫిలడెల్ఫియా ఫ్రీ లైబ్రరీకి వెళ్లి చూసొచ్చేవి ఫ్రాక్టూర్ కాగితాలు, అంటే బొమ్మలతో అలంకరించిన పత్రాలు. 18వ శతాబ్దంలో జర్మనీ ప్రాంతాల నుంచి ఇక్కడికొచ్చిన కుటుంబాలు పిల్లల జననం, బాప్టిజం సొంత భాషలో రాయించుకునేవి. చుట్టూ చిలకల్లాంటి పిట్టలు, తులిప్ పూలు. బిడ్డ పేరు, తల్లి పుట్టింటి పేరు, ఊరు, చాలావాటిలో పుట్టిన గంట, రాశి కూడా. మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. పరాయి దేశంలో బిడ్డ పుడితే ముందు మనమూ రాసుకునేది అదేగా. ఆ కాగితాలు బైబిల్‌లో మడిచి పెట్టేవాళ్లు, పెళ్లి పెట్టె మూత లోపల అంటించేవాళ్లు. పెట్టె ఒకరికీ కాగితం ఇంకొకరికీ అమ్మేస్తే ఆ కుటుంబం రెండు ముక్కలైనట్టే.

ఇక మీ వ్యాసంలోని మట్టి జాడీ. దక్షిణ కరోలినాలో ఎడ్జ్‌ఫీల్డ్ దగ్గర డేవిడ్ డ్రేక్ అనే కుమ్మరి ఉండేవారు. బానిసగా బతికారు. బానిసలకు చదువు నేర్పడం నేరమని ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసింది. ఆ చట్టం ఉండగానే ఆయన పచ్చి మట్టి మీద డేవ్ అని సంతకం చేశారు, తేదీ వేశారు, రెండేసి పంక్తుల పద్యాలు చెక్కారు. 1857 నాటి జాడీ మీద తన బంధువులంతా ఎక్కడున్నారో అని రాసుకున్నారు. మాంసం ఉప్పులో ఊరబెట్టుకునే జాడీ మీద! ఆయన జాడీ ఒకటి 2021లో వేలంలో 15 లక్షల డాలర్లు దాటింది. మీరు ధర వేసి "పాత మట్టి జాడీ" అని వదిలేశారు. ఆ మనిషి తెగించి రాసిన పేరు మీ పేజీలో లేకపోవడమే నేనీ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

కొనకూడనివి కూడా ఉన్నాయి. అమెరికా ఆదివాసులు ధరించే, డేగ ఈకలున్న కిరీటం ఎంత పాతదైనా అమ్మడం, కొనడం నేరం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో, గిరిజన భూముల్లో తవ్వి తీసిన కుండలు, బాణం ములుకులు 1979 నాటి పురావస్తువుల రక్షణ చట్టం కిందకు వస్తాయి. పూజకు వాడినవేమో అనిపిస్తే ఆ తెగ వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి అడగడం మర్యాద. నల్లవారిని వెక్కిరిస్తూ పోతపోసిన ఇనుప హుండీ బొమ్మలు నేను ఇంట్లో పెట్టను. అవి చూసి తెలుసుకోవాలంటే మిషిగన్‌లోని బిగ్ రాపిడ్స్‌లో జిమ్ క్రో మ్యూజియం ఉంది. ఎందుకు చేశారో, ఎవరిని ఎలా గాయపరిచాయో వివరంగా పక్కనే రాసి చూపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్లండి.

రేటు పెరిగేదేమిటని అడిగినవాళ్లకు నా జవాబు: తెలియదు, తెలుసని చెప్పేవాళ్లను నమ్మకండి. మా రాష్ట్రంలోనే డోయిల్స్‌టౌన్‌లోని మెర్సర్ మ్యూజియానికి వెళ్లి రండి. 1897లో హెన్రీ మెర్సర్ పాతకాలం పొయ్యికి పటకారు కోసం ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్లి, అక్కడ పైసా విలువ లేదని కుప్పపోసిన పనిముట్లు చూసి సేకరణ మొదలుపెట్టాడు. ఇప్పుడు బళ్లు, పడవ, కుర్చీలు కప్పు నుంచి వేలాడుతుంటాయి. రేటు చూసుకుని ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు.

మీరు ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే ధర పక్కన చేసినవాళ్ల పేరు వేయండి. తెలియకపోతే తెలియదనే వేయండి.

నా బొంతలో మిగిలిన భాగం ఇంకా నా దగ్గరే ఉంది. మడతల దగ్గర గుడ్డ తెగకుండా తెల్లటి కాగితం ఉండలు పెట్టి పెట్టెలో దాచాను. దానికి ఇలా రాసి కట్టాను: "లాంకస్టర్ కౌంటీ, 2004, ఎస్టేట్ సేల్, 40 డాలర్లు. దీనికి ఒక చీటీ ఉండేది. నేను పారేశాను. పెన్సిల్‌తో రెండు వరుసలు రాసి ఉండేవి. చివర 84 అనే అంకె ఉంది."

ఇట్లు,
ఒక పాఠకురాలు,
లాంకస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా